వచ్చేవాడి కుడి

అతన్ని అందరూ తుప్పన్న అంటారు. రేవులో, బోయాల యార్డులో పని. నీళ్ళలో తేలే ఇనప బోయాని పైకి లాగి, పడుకోబెట్టి, నాచు గీకి, అంటుకున్న గుల్లలు రాలగొట్టి, తుప్పు ఒలిచి, రంగు వేసి, దీపం సరిచూసి, మళ్ళీ నీళ్ళలోకి దింపుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఈ వారం ఎరుపు నడుస్తోందో పచ్చ నడుస్తోందో అతని గోళ్ళు చూసి చెప్పొచ్చు.

సముద్రం నుంచి రేవుకి ఒక పాయ వస్తుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు. లోతెక్కడుందో, ఇసుక మేట ఎక్కడుందో నీరు చెప్పదు. బోయాలు చెబుతాయి. సముద్రం నుంచి వచ్చేవాడికి ఎర్ర బోయా ఎడమ పక్క ఉండాలి, పచ్చది కుడి పక్క. రెంటి మధ్య లోతు. ఎర్రది డబ్బాలా బల్లపరుపుగా ఉంటుంది, పచ్చది కొనదేలి ఉంటుంది. రంగు తెలియని మసకలో ఆకారం చూస్తారు. ఆకారం తెలియని చీకట్లో దీపం చూస్తారు. ప్రతి దీపానికీ ఒక లెక్క ఉంది. ఒకటి ఒకసారి మెరిసి ఆగుతుంది. ఇంకొకటి రెండుసార్లు మెరిసి ఆగుతుంది. ఆ లెక్కలన్నీ తుప్పన్నకి సొంత పిల్లల దగ్గులా తెలుసు.

కొత్తగా పడవ పట్టేవాళ్ళకి ఏ రంగు ఎటో గుర్తుండేది కాదు. తుప్పన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎరుపు, ఎడమ. ఎకి ఎ. అంతే. చేపల పడవల వాళ్ళు, ఇసుక పడవల వాళ్ళు అందరూ అదే పట్టుకున్నారు. ఆ లెక్కన ఎనిమిదో నంబరు ఎర్ర బోయాకి మూడు ఎలు. దానిమీద అతనికి కొంచెం ఎక్కువ ప్రేమ.

యార్డులో ఇంకో కట్టుబాటు ఉంది. కుడి అన్నా, ఎడమ అన్నా వచ్చేవాడివే. పోయేవాడికి కుడీ లేదు, ఎడమా లేదు. నోటితో చెప్పినా కాగితం మీద రాసినా అంతే. ఆ అలవాటు తుప్పన్నతో పాటు ఇంటిదాకా వచ్చింది.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టారు?" అని భార్య అడుగుతుంది.

"కుడి అరలో."

"ఎవరి కుడి?"

"వచ్చేవాడి కుడి."

"ఈ వంటింట్లోకి వచ్చేది నేనొక్కదాన్నే. నీ కుడి అని చెప్తే నోరు పోతుందా?"

ఆమెకి ఒక చెల్లెలు. ఆ చెల్లెలి భర్త లాంచీ సరంగు. పాయ చివర దీవికీ ఈ ఊరికీ మధ్య మనుషుల్ని దాటించే లాంచీ అతని చేతిలో ఉంటుంది. తెల్ల టోపీ పెట్టుకుంటాడు. రేవులో నడుస్తుంటే పది అడుగులకి ఒకరు పలకరిస్తారు. తుప్పన్న పక్కనే ఉంటే, "ఈయనెవరు?" అని అడుగుతారు.

"మా తోడల్లుడు, మా అన్నయ్య" అంటాడు సరంగు నవ్వుతూ.

ఆ నవ్వు తుప్పన్నకి పడదు.

ఇది ఇవాళ పుట్టింది కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఆ సరంగు సరంగు కాదు. లాంచీ మీద తాళ్ళు కట్టేవాడు. కొత్తగా పెళ్ళయింది. సరంగు పరీక్ష రాయాలి, బోయాలూ దీపాలూ చెప్పమని తుప్పన్న దగ్గరికి వచ్చాడు. పదిహేను సాయంత్రాలు వచ్చాడు. తుప్పన్న నేలమీద నీలం దుప్పటి పరిచేవాడు. అది సముద్రం. దానిమీద ఎర్ర సీసా మూతలు, పచ్చ సీసా మూతలు.

"నలుపు మీద ఎర్ర పట్టీ, తలమీద రెండు నల్ల బంతులు. ఏంటది?"

"కింద రాయి ఉంది. చుట్టూ నీళ్ళున్నాయి. దగ్గరికి పోవద్దు, చుట్టూ తిరుగు."

"నలుపూ పసుపూ, తలమీద రెండు కొనలూ పైకి?"

"లోతు ఉత్తరం వైపు. దానికి ఉత్తరంగా పో."

"నిలువు చారలు, ఎరుపూ తెలుపూ?"

"చుట్టూ మంచి నీళ్ళే. అక్కడికి రావచ్చు."

పదో రోజుకి తుప్పన్న అడగడం పూర్తికాకముందే జవాబు వచ్చేది. పన్నెండో రోజుకి తుప్పన్న తడబడితే అతనే అందించాడు. వంటింట్లోంచి భార్య, "మా మరిది బలే చురుకు" అంది. ఎవరికో చెప్పినట్టు, గోడకి చెప్పినట్టు. తుప్పన్న ఒక ఎర్ర మూతని అవసరం లేకుండా అటూ ఇటూ జరిపాడు.

పదిహేనో రోజు ఒక పాఠం మిగిలింది. చీటీ రాసే పద్ధతి. కుడి ఎడమలు ఎప్పుడూ వచ్చేవాడివే అన్నది. సరంగు పరీక్షలో అది అడగరు. యార్డుకి చీటీ రాయాల్సి వస్తేనే కావాలి. తుప్పన్న సీసా మూతలు ఏరాడు. దుప్పటి మడిచాడు.

"ఇంకేమన్నా ఉందా అన్నయ్యా?"

"ఏం లేదు. అయిపోయింది."

దానంతటదే తెలుస్తుందిలే అనుకున్నాడు. కొన్నాళ్ళకి, చెప్పలేదన్న సంగతే మర్చిపోయాడు.

సరంగు పరీక్ష నెగ్గాడు. రేవు అధికారి అతన్ని మెచ్చుకుని, ఇన్ని రంగులు ఎలా గుర్తుపెట్టుకున్నావు అని అడిగాడు. "ఎకి ఎ సార్" అన్నాడు సరంగు. ఎవరు చెప్పారని అధికారి అడగలేదు. అడగందే అతనూ చెప్పలేదు. అధికారికి ఆ మాట తెగ నచ్చింది. రేవు మెట్ల దగ్గర బోర్డు పెట్టించాడు.

బోర్డు మీద అక్షరాలు రాసింది తుప్పన్నే. రంగు పని అంతా అతనిదే కదా. "వచ్చేటప్పుడు ఎరుపు ఎడమ. ఎకి ఎ." కింద చిన్న అక్షరాలు: "సరంగు చెప్పిన సూత్రం." కాగితం మీద ఏముంటే అది రాశాడు. ఏటేటా ఆ బోర్డుకి మళ్ళీ రంగు వేస్తాడు. పై మాటలకి వేస్తాడు. కింది మూడు మాటలు ముట్టుకోడు. అవి ఎండకీ ఉప్పుగాలికీ ఏడాదికేడాది వెలిసిపోతున్నాయి. అది చూస్తే అతనికి హాయిగా ఉంటుంది.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున పాయ నిండా మంచు దిగింది. చేయి చాపితే వేళ్ళు కనపడలేదు. లాంచీలో ముప్ఫై ఎనిమిది మంది, అందులో అత్తగారు. సరంగు ఇంజిను తగ్గించి, బోయా వెంట బోయా వెతుక్కుంటూ, ఒక్క గీత పడకుండా లాంచీని రేవుకి చేర్చాడు. పేపర్లో ఫొటో వచ్చింది. అత్తగారు దాన్ని కత్తిరించి అద్దానికి అంటించింది.

"చిన్నల్లుడి చెయ్యి బంగారు చెయ్యి" అంది, ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు.

తుప్పన్న ఊరుకోలేకపోయాడు. "బోయాలు చోట్లో ఉన్నాయి గనక వచ్చాడు. వాటికి రంగు ఉంది గనక కనపడ్డాయి."

"అయితే ఇప్పుడు బోయాకి కూడా ఫొటో వెయ్యమంటావా నాయనా?"

అందరూ నవ్వారు. సరంగు నవ్వలేదు. "అన్నయ్య చెప్పింది నిజమే అత్తయ్యా" అన్నాడు. అది ఇంకా కాలింది. తిట్టినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. వెనకేసుకొచ్చేవాడితో ఏం చేస్తాం?

ఇంటికి వస్తూ దారిలో భార్య అంది, "మీ సూత్రంలో మూడోది మర్చిపోయారు. ఎరుపు, ఎడమ, ఏడుపు."

ఆ రోజు నుంచి తుప్పన్న లాంచీ ఎక్కలేదు. అత్తగారి దీవికి వెళ్ళాలంటే చుట్టూ వంతెన మీదుగా బస్సులో మూడు గంటలు. బస్సులోనే వెళ్ళేవాడు. అడిగితే, లాంచీ వాసన పడదనేవాడు. రోజంతా తారు, పెయింటు, కుళ్ళిన నాచు పీల్చే మనిషి.

సరంగుకి టోపీ ఉంది, ఫొటో ఉంది, బోర్డు ఉంది. తుప్పన్నకి ఒక సున్నా ఉంది. యార్డు పుస్తకంలో ఒక గడి, "బోయా చోటు తప్పిన రోజులు" అని. ప్రతి ఏడాది చివర గుమస్తా అందులో ఒక అంకె వేస్తాడు. తుప్పన్న వచ్చినప్పటి నుంచీ ఆ అంకె సున్నా. ఏ బోయా కొంచెం కదిలినా ఆ రోజే వెళ్ళి సరిచేసేవాడు. ఆ సున్నా ఎవరూ చూడరు. అతను చూసుకుంటాడు. ఎప్పుడన్నా పుస్తకం తెరిచి, వేలితో ఆ వరస తడిమి, మూసేస్తాడు.

ఒక మంగళ, బుధవారాల్లో గాలి వీచింది. గురువారం పొద్దున తగ్గింది. తొమ్మిదింటికి యార్డు పెట్టెలో ఒక చీటీ ఉంది. సరంగు చేతిరాత.

"ఎనిమిది కుడికి జరిగింది. చాలా దూరం. చూడగలరు."

తుప్పన్న దాన్ని రెండుసార్లు చదివాడు. ఎనిమిది పాయ మలుపు దగ్గర ఉంటుంది. దీవి కొన అడ్డం, యార్డు నుంచి కనపడదు. ఎర్రది, ఎడమ అంచున ఉండేది. దాని వెనక ఇసుక మేట. ఎడమకి జరిగితే మేట మీదికి పోతుంది. దాన్ని నమ్మి వచ్చిన పడవ ఇసుకలో దిగబడుతుంది. కుడికి జరిగితే లోతులోకి వస్తుంది. దారి కొంచెం ఇరుకవుతుంది, అంతే. ఎవరికీ ఏమీ కాదు.

చీటీ అందిన రోజే వెళ్ళి చూడాలన్నది నియమం. యార్డు మరపడవ ఇంజిను విప్పి నేలమీద పరిచి ఉంది. మేస్త్రీ సోమవారం అన్నాడు. కానీ తెడ్ల పడవ ఉంది. సాయంత్రం లాంచీ కూడా ఎనిమిది పక్కనుంచే పోతుంది.

"చాలా దూరం అట" అన్నాడు తుప్పన్న గుమస్తాతో. "నాలుగు మూరలు కదిలితే చాలా దూరం. మన ఎనిమిది సంగతి ఆయన మనకి చెప్తాడు."

"వెళ్తారా మరి?"

"కుడికేగా. సోమవారం చూద్దాం."

చీటీని మేకుకి గుచ్చాడు. అలా గుచ్చుతున్నప్పుడు ఒక సుఖం కలిగింది. ఒక్క రోజన్నా సరంగు మాట మేకుకి వేలాడనీ.

సరంగు ఆ మధ్యాహ్నం నుంచి సెలవు. శుక్రవారం అతని కూతురికి బడిలో ఉపన్యాస పోటీ. వేరే రేవు నుంచి బదులు సరంగు వచ్చాడు. మంచివాడే, ఈ పాయ కొత్త.

గురువారం సాయంత్రం తుప్పన్న భార్య లాంచీలో దీవికి వెళ్ళింది. అత్తగారికి కంట్లో పొర. శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో చూపించాలి. మామూలు రోజుల్లో లాంచీ పొద్దునా సాయంత్రమూ తిరుగుతుంది. శుక్రవారం మాత్రం పొద్దున వెళ్ళింది దీవిలోనే ఆగి, ఆసుపత్రికి వచ్చేవాళ్ళ కోసం ఒంటిగంటకి బయలుదేరుతుంది. ఆ రెండు రోజులూ పొద్దునా సాయంత్రమూ పోటు. మేట మీద కూడా నిలువెత్తు నీళ్ళు. శుక్రవారం ఒంటిగంటకి పాటు, నీరు తీసే వేళ. మేట మీద మోకాలి లోతు.

ఇవన్నీ తుప్పన్నకి తెలుసు. కుడికి జరిగిన బోయాతో వీటికి పని లేదు గనక వాటి గురించి ఆలోచించలేదు.

శుక్రవారం పదకొండున్నరకి తుప్పన్న ఇంటికి వచ్చాడు. అత్తగారి పాత మందుల కాగితాలు రేవు మెట్ల దగ్గరికి పట్టుకెళ్ళాలి. భార్య వెళ్తూ వెళ్తూ బల్లమీద ఒక ముక్క రాసి పెట్టింది.

"అమ్మ కాగితాలు కుడి సొరుగులో. మర్చిపోకండి."

గదిలోకి వస్తే గుమ్మానికి రెండు పక్కలా చెరో సొరుగు బల్ల. కుడి సొరుగు తీశాడు. దారపు ఉండలు, గుండీలు, పాత తాళాలు. అడుగు దాకా వెతికాడు. మళ్ళీ వెతికాడు. "ఒక్క వస్తువు చోట్లో పెట్టదు" అనుకుంటూ ఎడమది లాగాడు. కాగితాలు అక్కడ ఉన్నాయి. పైన, చక్కగా, దారం కట్టి.

అతను ఆ కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గది లోపలికి నడిచి, ఆమె ముక్క రాసి పెట్టిన బల్ల దగ్గర ఆగి, గుమ్మం వైపు తిరిగాడు. ఆమె నిలబడినట్టు. చేతిలో సంచీ, మొహం వీధి వైపు. ఇప్పుడు ఆ సొరుగు కుడిపక్కన ఉంది.

పోతూ రాసింది.

లాంచీ రోజూ పొద్దున్నే ఇటునుంచి దీవికి పోతుంది. సముద్రం వైపుకి. సరంగు ఆ చీటీ ఎప్పుడు రాశాడు? నీలం దుప్పటి గుర్తొచ్చింది. మడిచిన దుప్పటి. ఏం లేదు, అయిపోయింది.

ఫోను తీశాడు. ముందు భార్యకి చేశాడు. అది వంటింట్లో, స్టవ్వు పక్కన మోగింది. తర్వాత సరంగుకి. అవతల పిల్లల చప్పట్లు.

"అన్నయ్యా, ఇప్పుడే మా దాని వంతు వస్తోంది—"

"ఎనిమిది కుడికి జరిగిందని రాశావు. ఎవరి కుడి?"

"ఎవరి కుడేంటి? నా కుడి."

"పోతూనా, వస్తూనా?"

"పోతూ. చుక్కాని దగ్గరే రాశాను, మర్చిపోతానని. ఏం, నువ్వు చూశావుగా?"

తుప్పన్న చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"అన్నయ్యా, సరిచేశావుగా? చీటీ నీ పెట్టెలో వేశాను, అన్నయ్య సాయంత్రానికల్లా చూసేస్తాడు, నువ్వు ఎనిమిదిని పట్టుకునే మలుపు తిరుగు అని బదులాయనకి చెప్పాను."

"చూడలేదు."

అవతల చప్పట్లు ఆగిపోయాయి. సన్నటి గొంతు ఏదో మొదలుపెట్టింది.

"వస్తున్నాను. పడవ దింపి ఉంచు" అన్నాడు సరంగు.

బదులు సరంగు ఫోను పలకలేదు. లాంచీ దీవిలో ఆగి ఉంటే ఫోను చుక్కాని దగ్గర వదిలి భోజనానికి పోతారు, బయలుదేరాక ఇంజిను మోతలో వినపడదు, అది అందరికీ తెలిసిందే. పన్నెండు దాటిన పావుగంటకి ఇద్దరూ తెడ్ల పడవలో ఉన్నారు. సరంగు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. తుప్పన్న యార్డులోంచి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి చిన్న లంగరు, తాడు. రెండోది బోయా తలమీద బిగించే ఎర్ర డబ్బా. మొన్ననే రంగు వేశాడు, ఇంకా కొంచెం అంటుతోంది.

పాటు నీరు సముద్రం వైపుకి లాగుతోంది. తెడ్డు వేసే పని తక్కువ, పట్టే పని ఎక్కువ. సరంగు తెడ్లు వేస్తున్నాడు. తుప్పన్న ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్య ఎర్ర డబ్బా.

తుప్పన్న అన్నాడు, "నీకు ఒక పాఠం చెప్పలేదు."

"ఏ పాఠం?"

"కుడి ఎడమలు. యార్డులో ఏది రాసినా వచ్చేవాడి కుడే. పోతున్నా సరే, వస్తున్నట్టే రాయాలి. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు ఏమంటాం? వెళ్ళొస్తాననేగా. పోయేవాడంటూ లేడు. అదీ పాఠం."

"బావుందే. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తొందరగా నేర్చేసుకుంటున్నావు."

సరంగు రెండు తెడ్లు వేశాడు. మూడోది వేయలేదు. నీళ్ళు చెక్కకి తగిలే చప్పుడు.

"అంతేనా?"

"అంతే."

"తొమ్మిదేళ్ళా?"

"మధ్యలో మర్చిపోయాను."

సరంగు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోపమో, ఎండో. కాసేపటికి మళ్ళీ తెడ్డు పట్టాడు. "మా దాని మొహం చూశాను గుమ్మంలోంచి. మాట మధ్యలో ఆగి నన్నే చూస్తోంది" అన్నాడు. తుప్పన్న తిట్టు కోసం ఎదురుచూశాడు. రాలేదు.

మలుపు తిరిగారు. ఎనిమిది కనపడింది. మేట మీద, మోకాలి లోతు నీళ్ళలో, పక్కకి ఒరిగి, నాచు గౌను బయటపెట్టుకుని, తాగి పడ్డ మనిషిలా ఉంది. గాలికి, బోయాని గొలుసుతో పట్టి ఉంచే అడుగు దిమ్మ ఈడ్చుకుపోయింది. ఉండాల్సిన చోటికి నూరు బారలు అటు. ఇరవై రెండేళ్ళలో తుప్పన్న తన బోయాని అలా చూడలేదు. పెళ్ళిలో సొంత అన్న తూలుతుంటే చూసినట్టుంది. రంగు మాత్రం బాగుంది. ఆ పరిస్థితిలో కూడా అతని కన్ను రంగు మీదికి పోయింది.

ఎనిమిది అసలు చోటు అతనికి కాగితం లేకుండా తెలుసు. ఒడ్డున నీళ్ళ ట్యాంకు వెనకాల పొగగొట్టం సరిగ్గా దాక్కోవాలి. అటు చూస్తూ చెయ్యి ఊపాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం. ఆపు." లంగరు వేశాడు. అడుగు జారుడు మట్టి, లంగరు పట్టీ పట్టనట్టు ఉంది. సరంగు పడవ ముక్కుని నీటికి ఎదురుగా తిప్పి, తెడ్లతో అక్కడే నిలబెట్టాడు. ఇటు రెండు వేళ్ళు, అటు రెండు వేళ్ళు, కదిలీ కదలకుండా. పడవ మేకు కొట్టినట్టు నిలిచింది. తుప్పన్న ఆ చేతులు చూశాడు. ఆ పరిస్థితిలో కూడా అత్తగారి 'బంగారు చెయ్యి' గుర్తొచ్చింది.

లాంచీ చప్పుడు ముందు వినపడింది. తర్వాత తెల్లగా కనపడింది. దాని మొహం తిన్నగా ఒరిగిన ఎనిమిది వైపు ఉంది. చెప్పినట్టే చేస్తున్నాడు బదులాయన. ఎనిమిదిని పట్టుకుని తిరగబోతున్నాడు.

తుప్పన్న పడవలో లేచి నిలబడ్డాడు. ఎర్ర డబ్బాని రెండు చేతులా తలమీదికి ఎత్తాడు. "నన్ను ఎడమకి! నన్ను ఎడమకి వెయ్!" అని అరిచాడు. ఇంజిను మోతలో మాట పోయింది. డబ్బా పోలేదు. కొత్త రంగు, మిట్టమధ్యాహ్నం. బల్లపరుపు తల, ఎరుపు. పడవ పట్టేవాడెవడికైనా ఆ ఆకారానికి ఒకటే అర్థం.

లాంచీ ముక్కు ఒక్క క్షణం తటపటాయించింది. రెండు ఎరుపులు. ఒకటి ఒరిగి ఉంది, ఒకటి మనిషి చేతుల్లో. ఎరుపు ఎడమ. రెండూ ఎడమకి రావాలంటే దారి ఒకటే. ముక్కు తిరిగింది. లాంచీ ఇంజిను తగ్గించుకుని తెడ్డెడు దూరంలో వాళ్ళని దాటింది. అల వచ్చి పడవని ఎత్తింది. తుప్పన్న మోకాళ్ళు వంగాయి, చేతులు వంగలేదు.

లాంచీ కటకటాల దగ్గర భార్య నిలబడి ఉంది. నోరు తెరిచి. పక్కన అత్తగారు, పొర పట్టిన కళ్ళు చిట్లించుకుని.

"ఏంటే ఆ ఎర్రగా?"

"బోయా అమ్మా."

"బోయాకి పంచె కట్టారేంటే?"

"మీ పెద్దల్లుడే" అంది భార్య. ఆ మాట నీళ్ళ మీదుగా వినపడింది.

"మరి తెడ్డు పట్టిందెవరు?"

"చిన్నల్లుడు."

"అదీ! ఆ పడవ నిలబడ్డం చూస్తేనే అనుకున్నా."

సరంగు తల వంచుకుని నవ్వాడు. భుజాలు కదిలాయి. తుప్పన్న డబ్బా దించాడు. అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

"కళ్ళు కనపడవు గానీ ఇది కనపడింది ఆవిడకి" అన్నాడు.

ఆ సాయంత్రం అసలు చోట్లో చిన్న తాత్కాలిక బోయా వేసి, ఒరిగినదాన్ని సోమవారం పెద్ద పడవతో లాగారు. తర్వాత, ఏడాది చివరిదాకా ఆగకుండానే, గుమస్తా పుస్తకం తెరిచాడు. బోయా చోటు తప్పిన రోజులు. తుప్పన్న తనే కలం తీసుకుని రెండు అని వేశాడు. పై వరసంతా సున్నాలు. కింద ఆ రెండు, మెడ వంచి కూర్చున్న కొంగలా. కొంచెంసేపు దాన్ని చూశాడు.

"ముందుగా గమనించినవారు" అన్న గడిలో సరంగు అని రాశాడు.

"ఆలస్యానికి కారణం?" అన్నాడు గుమస్తా. "ఇంజిను విప్పి ఉందిగా, అది రాసెయ్యండి. ఎవరూ అడగరు."

తుప్పన్న రాశాడు. "కుడి అంటే ఎవరి కుడో సరంగుకి నేను చెప్పలేదు."

గుమస్తా కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "ఇదొక కారణమా?"

"అదే కారణం."

అధికారి దాన్ని చదివి తిట్టాడు. తిట్టి, ఆ మాట అందరికీ తెలియాలి, బోర్డు మీద రాయించండి అన్నాడు. తుప్పన్న డబ్బాలు, కుంచెలు పట్టుకుని రేవు మెట్ల దగ్గరికి వెళ్ళాడు. "ఎకి ఎ" కింద కొత్త వరస రాశాడు. "చీటీలో కుడి ఎడమలు వచ్చేవాడివి."

సరంగు లాంచీ కట్టి మెట్లెక్కి వచ్చాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని చదివాడు. ఆ రోజు నుంచి అతను ముందులా నవ్వడం లేదు. కోపం ఉందని కూడా చెప్పలేం. కూతురికి పోటీలో ఏమీ రాలేదు.

"కింద నీ పేరు వేసుకో అన్నయ్యా. ఇది నీదేగా."

"దాచిపెట్టిన దానికి పేరెందుకు?"

"పైది కూడా నీదే. అప్పుడే చెప్పాల్సింది. అడగలేదు కదా అని ఊరుకున్నాను." సరంగు బోర్డు వైపే చూస్తున్నాడు. "బావుంది అన్నారు. ఆ కాస్తసేపు నాదే అనిపించింది."

తుప్పన్న కుంచె డబ్బాలో ముంచి, అంచుకి తుడుస్తూ ఉండిపోయాడు. సరంగు టోపీ పెట్టుకున్నాడు.

"వెళ్ళొస్తా" అని వెళ్ళిపోయాడు.

బోర్డు అడుగున మూడు మాటలు మిగిలాయి. తొమ్మిదేళ్ళుగా ముట్టుకోనివి. సరంగు చెప్పిన సూత్రం. 'స' సగం రాలిపోయింది. ఇంకో ఏడాది ఆగితే పూర్తిగా పోతాయి. అతను ఆ మూడింటి ఎదుట గొంతుక్కూర్చుని, వాటి మీద ఒక్కొక్క అక్షరానికీ రంగు వేశాడు.

కొంచెం పలచగా వేశాడు.